ఒక్క నిద్ర కూడా లేని దూరం

ఒంటిగంటా పది నిమిషాలకు విమానం రెజల్యూట్‌లో నేల వదిలిందన్నారు. అంటే రెండూ ముప్ఫై అయిదుకు ఇక్కడ, కెనడా ఉత్తరపు కొసన ఉన్న మా ఔసుయిత్తుక్‌లో దిగాలి, ఎదురుగాలి ఉంటే రెండూ నలభై అయిదు, అసలు దిగనిస్తే. దిగనిచ్చేది ఎవరయ్యా అంటే కిటికీ అవతల ఉన్న కొండ, దాని మీదికి సముద్రం వైపు నుంచి పాకుతున్న మబ్బు, ఆ రెంటి మధ్యా ఎంత ఖాళీ ఉందో చూసి రేడియోలో చెప్పే నేను. ఇరవై మూడేళ్ళుగా ఇదే పని. గాలి ఎటు నుంచి, ఎంత జోరు, మబ్బు ఎంత ఎత్తున, చూపు ఎంత దూరం ఆనుతోంది, గులకరాళ్ళ రన్‌వే మీద కుక్కలేమైనా పడుకున్నాయా. నూట ముప్ఫై మంది ఉండే ఊరికి వారానికి రెండు విమానాలు, ఒకటి రాకపోతే కూరగాయలుండవు, రెండూ రాకపోతే ఊరంతా నా వైపు చూస్తుంది, మబ్బును నేనే కని పెంచినట్టు. ఇవాళ్టి విమానంలో కూరగాయలతో పాటు నా కూతురు నౌయా ఉంది. దాని ఒళ్ళో మా నాన్న ఉన్నాడు.

మా నాన్న పోయి ఐదేళ్ళయింది, ఇప్పుడాయన వయసు రెండు నెలల తొమ్మిది రోజులు, ఆడపిల్ల, బరువు పోయిన మంగళవారానికి నాలుగు కిలోలు. పేరు ఆయనదే, సమ్‌విలీ. పేరు వస్తే మనిషి వచ్చినట్టే మాకు, ఆడా మగా అన్నది పేరుకు పట్టదు. నాకు మా నాయనమ్మ పేరు పెట్టారు కనుక మా నాన్న నన్ను పుట్టిన దగ్గర్నుంచీ అమ్మా అనే పిలిచాడు, ముద్దుకు కాదు, నిజంగానే, కన్నతల్లిని పిలిచినట్టు. నాకు నాలుగేళ్ళున్నప్పుడు వేటకు పోయే ముందు నా దగ్గరకొచ్చి, అమ్మా, పోయొస్తాను అని చెప్పి, నేను ఊ అనేదాకా గుమ్మంలో నిలబడేవాడు, నేనేమో చేప ముల్లు చీకుతూ ఆయన్ని మరిచిపోయేదాన్ని, అమ్మ ఇంకా ఊ అనలేదే అని బయట కుక్కలు మొరుగుతున్నా నిలబడే ఉండేవాడు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్దదైన మా అక్క సిపూరా నన్ను నాయనమ్మా అనేది. నాయనమ్మా, చీమిడి తుడుచుకో. నాయనమ్మా, మళ్ళీ పక్క తడిపావా. మా ఊళ్ళో మనిషిని ఉత్త పేరుతో పిలిచేది దక్షిణం నుంచి వచ్చిన నర్సులూ టీచర్లూ, లేదంటే ఆ మనిషి మీద కోపం ఉన్నవాళ్ళూ. మా అక్క ఐదేళ్ళుగా నన్ను ఊలీపీకా అంటోంది.

ఇప్పుడు అద్దానికి అవతల, ప్రయాణికుల కోసం ఆరు కుర్చీలున్న గదిలో ఉంది, పన్నెండింటికే వచ్చి కూర్చుంది. ఒళ్ళో టీ ఫ్లాస్కు, ఫ్లాస్కు పక్కన సీలు తోలుతో కుట్టిన బూట్ల జత, ఒక్కోటి నా బొటనవేలంత ఉంది. ఆ బూట్లు ఎప్పుడు కుట్టిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. వచ్చీ రాగానే మబ్బెలా ఉంది ఊలీపీకా అంది, వెయ్యి అడుగులకు పైనే అన్నాను, తలూపి కూర్చుంది. ఐదేళ్ళుగా మా మాటల పొడవు ఇంతే. మావాళ్ళు సీలును కొట్టారు, నీ వాటా గుమ్మంలో పెట్టాను. నీ పొయ్యి నూనె చూసుకున్నావా. నౌయా ఫోన్ చేసిందా. మాంసం పంపడం మానలేదు, అది మానితే మనుషులే కాం, కానీ మాంసం తెచ్చినప్పుడు లోపలికి మాత్రం రాదు. మా ఇంట్లో ఆమె కప్పు ఒకటి ఉంది, చెవి విరిగిన నీలం కప్పు, దాన్ని ఇంకెవరికీ ఇవ్వను, వారానికోసారి దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను.

ఒంటిగంటా ఇరవై ఐదు. కొండ మీది పట్టీ మొత్తం కనిపిస్తోంది. కొండ మీద నాకు గుర్తులున్నాయి, కొలిచి పెట్టిన గుర్తులు. నల్లరాతి పట్టీ ఒకటి కొండ నడుముకు బిగించినట్టు అడ్డంగా పోతుంది, దాని కింది అంచు ఏడు వందల అడుగులు, పై అంచు వెయ్యి. దాని మీద ఎర్రబండ, పద్నాలుగు వందలు. ఎర్రబండ కనిపిస్తే కాళ్ళు చాపుకుని టీ తాగచ్చు. పట్టీ మొత్తం కనిపిస్తే విమానం వస్తుంది. పట్టీ మునిగితే రాదు. సగం మునిగితే పైలట్ ఇష్టం, అతని ప్రాణం. ఇక్కడికి రావాలంటే రెండు కొండ గోడల మధ్య సముద్రపు పాయలోకి దూరి, చివర్లో కొండకు రెక్క తగలకుండా ఒక పక్కకి ఒరిగి, ఆరు వందల మీటర్ల గులకరాళ్ళ మీద వాలాలి. అందుకే ఈ ఊరికి అందరు పైలట్లనూ పంపరు. ఎర్రబండ పన్నెండున్నరకే పోయింది. సముద్రం వైపు, ఒడ్డున ఇరుక్కున్న మంచుకొండ వెనకాల, తెల్లగా పరుచుకుని వస్తోంది, ఆగస్టు చివర నీళ్ళ మీద పుట్టే మబ్బు, దీనికి తొందర ఉండదు.

నౌయా ఇవాళ పొద్దున ఫోన్‌లో ఒక బొమ్మ పంపింది, ఇంటర్నెట్‌లో ఎక్కడో చూసిందట, రెజల్యూట్ నుంచి మా ఊరికి విమాన దూరం మూడు వందల ఎనభై కిలోమీటర్లు, ప్రయాణ సమయం యాభై తొమ్మిది నిమిషాలు. కింద రాసింది, అమ్మా, యాభై తొమ్మిది నిమిషాలేనంట, నాలుగు రోజుల నుంచి ఏం చేస్తున్నామో మనం అని. నవ్వొచ్చింది నాకు. ఆ లెక్క వేసినవాడు ఏదో పెద్ద జెట్ విమానాన్ని ఊహించుకుని వేశాడు, అది మా గులకరాళ్ళ మీద దిగితే ఆగేది సముద్రంలోనే. మా చిన్న రెండింజన్ల విమానానికి గంటా ఇరవై ఐదు. నాలుగు రోజుల్లో రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ సగం దారిలో వెనక్కి పోయింది. మా నాన్న అయితే ఈ అంకెలన్నీ విని, సరే గాని ఎన్ని నిద్రలు అని అడిగేవాడు. ఆయన కాలంలో దూరమంటే నిద్రలే, దారిలో ఎన్నిసార్లు పడుకుని లేస్తే అంత. మా అమ్మది రెజల్యూట్. కుక్కల బండి మీద ఆమెను తెచ్చుకోవడానికి పోయినప్పుడు తొమ్మిది నిద్రలు పట్టిందట, తిరిగి వచ్చేటప్పుడు పద్నాలుగు. ఎందుకు నాన్నా అంత తేడా, మంచు మెత్తబడిందా అని ఓసారి అడిగాను. మా అమ్మ సీలు కొవ్వు దీపం మీదికి వంగి మొహం దాచుకుంది. అమ్మా, నీకెందుకవన్నీ అన్నాడు నాన్న, నన్ను.

ఒంటిగంటా ముప్ఫై ఎనిమిదికి రెజల్యూట్ వాళ్ళు చెప్పారు, అక్కడ మబ్బు నేలకు దిగిందట, రన్‌వే చివర కనిపించడం లేదట, విమానం వెళ్ళిన ఇరవై నిమిషాలకే మూసుకుపోయిందట. రాసుకున్నాను. పైలట్ రస్. దక్షిణం మనిషే కానీ ఇరవై మూడేళ్ళుగా ఈ దారిలోనే తిరుగుతున్నాడు, నేను ఉద్యోగంలో చేరిన వారమే అతనూ చేరాడు. మా వాళ్ళకు అవునూ కాదూ అనడానికి నోటితో పని లేదు, కనుబొమలెత్తితే అవును, ముక్కు ముడిస్తే కాదు, పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. నా మొదటి వారంలో రస్ పైనుంచి అడిగాడు, రన్‌వే మీద కుక్కలేమైనా ఉన్నాయా అని. నేను మైకు ముందు శుభ్రంగా ముక్కు ముడిచాను. మళ్ళీ అడిగాడు. ఇతనికి చెవుడేమోననుకుని ఇంకా గట్టిగా ముడిచాను. మూడు చుట్లు తిరిగాడు పాపం, రేడియో చచ్చిపోయిందనుకున్నాడట, దిగి వచ్చి, నువ్వు బతికే ఉన్నావా అన్నాడు, నేను కనుబొమలెత్తాను. మర్నాడు ఒక అట్టముక్క మీద నోరు తెరువు అని రాసి మైకుకు అంటించాడు. ఆ అట్ట ఇప్పటికీ ఉంది, రంగు వెలిసి, అంచులు నలిగి.

నాన్న పోయిన రోజు కూడా ఆ అట్ట నా కళ్ళ ముందే ఉంది. అక్టోబరు, పొద్దు కురచైపోయిన రోజులు, పదింటికి నాన్నకు గుండెలో నొప్పి మొదలైంది, నర్సు ఫోన్ చేసి, ఆస్పత్రికి తీసుకుపోవడానికి విమానం అడిగింది. డ్యూటీలో నేనొక్కదాన్నే, రెండో మనిషి శిక్షణకని దక్షిణానికి పోయాడు. నేను రేడియో వదిలితే విమానం బయల్దేరనైనా బయల్దేరదు, అలాగని వదలకపోతే నాన్న దగ్గర ఉండలేను. నాన్నను పడుకోబెట్టిన నర్సు ఇల్లు ఇక్కడికి నాలుగు వందల అడుగుల దూరం, కిటికీలోంచి దాని కప్పు కనిపిస్తుంది. పన్నెండున్నరకు విమానం గాలిలో ఉంది. ఒంటిగంటా పదికి పట్టీ మునిగింది. పూర్తిగా మునిగింది, కింది అంచుతో సహా. మబ్బు ఎంత అని రస్ అడిగాడు. ఆరు వందలు అన్నాను. ఏడున్నర వందలు అనచ్చు, ఏడున్నర అన్నా ఎవరూ కొలిచి చూడరు, నోరు ఎంత చిన్నది, అంకె ఎంత చిన్నది. ఆరు వందలు, పట్టీ కనిపించడం లేదు అన్నాను. అతను, సారీ ఊలీపీకా, వెనక్కి పోతున్నాను అన్నాడు. మా ఊళ్ళో విమానాల రేడియో అందరిళ్ళలోనూ మోగుతూనే ఉంటుంది, ఎవరొస్తున్నారో తెలియాలి కదా. నర్సు గదిలోనూ మోగుతోంది. మా అక్క నాన్న చెయ్యి పట్టుకుని కూర్చుని నా గొంతు వింది.

ఆ చివరి గంటలో నాన్న, అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని అడిగాడట. నన్నే. నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి నర్సు దుప్పటి సర్దుతోంది. అక్క నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా అంది, ఒక్క అంకె, ఒక్క అంకె పెంచి చెబితే నీ నోరు పడిపోయేదా, ఊలీపీకా. అదే మొదటిసారి ఆమె నన్ను ఆ పేరుతో పిలవడం. ఏం చెప్పను, మంచు మందం ఎంతుందో ఈటెతో పొడిచి చూసి చెప్పడం నాన్నే నేర్పాడని చెప్పనా, వెనకాల వచ్చేవాడి ధైర్యం కోసం ఆయన ఒక్కసారి కూడా అంగుళం ఎక్కువ చెప్పలేదని చెప్పనా. ఆమెకు తెలియదా అది. తెలిసినా పనికిరాని రోజులుంటాయి. ఐదేళ్ళుగా రాత్రుళ్ళు ఆ ఏడున్నర నాలిక చివర తగులుతూనే ఉంది. ఒక్కోసారి ఆ అంకె చెప్పేసినట్టు కల వస్తుంది, విమానం పట్టీలోంచి దూసుకొచ్చి చక్కగా దిగుతుంది, నాన్న నడుచుకుంటూ వెళ్ళి ఎక్కుతాడు. ఒక్కోసారి అదే కలలో దిగదు. కొండ మీద నల్లగా మరక ఉంటుంది, కింద నేను అంకె చెబుతూనే ఉంటాను.

ఊళ్ళో ఆ తరవాత ఇద్దరు పిల్లలు పుట్టారు, ఇద్దరి తల్లులూ నాన్న పేరు అడిగారు. అక్క పెద్దది కనుక ఆమె మాటే మాట. ఇంకా కాదు అంది, రెండుసార్లూ. ఆయన్ని అలా పేరు లేకుండా గాలిలో వదిలేసిందని ఊళ్ళో గుసగుసలు. పోయిన చలికాలం ఒక పొద్దున మా తలుపు కొట్టి, గుమ్మంలోనే నిలబడి, రాత్రి నాన్న కలలోకొచ్చి మంచినీళ్ళడిగాడు అంది. పోయినవాళ్ళు దాహమంటే తమ పేరు పెట్టుకోమని, మళ్ళీ వస్తామని అడుగుతున్నట్టే, మాకు అది ఒకరు చెప్పక్కర్లేదు. తాగి, చాలా దూరం నుంచి వస్తున్నాను అన్నాడంట. నౌయా కడుపులో ఉంది ఆయనే, ఊలీపీకా, అనేసి వెళ్ళిపోయింది. తలుపు తీసి ఉంచి అట్లాగే నిలబడ్డాను, ఇల్లు మంచుగడ్డ అయ్యేదాకా. ఊళ్ళో ఇందరుండగా నా కూతురి కడుపు వెతుక్కుని వస్తున్నాడు మా నాన్న. కోపం ఉన్నవాడు వస్తాడా. లెక్క అడగడానికి వచ్చేవాడు కూడా అలాగే వస్తాడేమో. కాన్పులకు మా ఆడవాళ్ళు నెల ముందే దక్షిణానికి పోవాలి, నౌయాకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి, పిల్ల అద్దాల పెట్టెలో ముప్ఫై రోజులుంది, గొట్టాలతో. ఫోన్‌లో మొహం చూపించేది నౌయా. నేను నాన్నా అనబోయి, నోరు రాక, బాగుందా పిల్ల అనేదాన్ని. అది పిల్ల కాదమ్మా, తాతయ్య అనేది నౌయా, నవ్వుతూ. పక్కన లేని మనిషిని ఫోన్‌లో నాన్నా అనడం నాకు చేతకాలేదు, చేతిలోకి వచ్చాక అంటాలే అనుకున్నాను.

ఒంటిగంటా యాభై ఏడు. పట్టీ పై అంచు పోయింది. అద్దం తుడిచి చూశాను, అద్దం తప్పేం లేదు. తలుపు తీసుకుని బయటికి పోయి చూశాను. చలిగాలి ముక్కులో పొడుచుకుంది, కొండ కొసన మంచుగడ్డ ఉన్న వైపు నుంచి ఏదైనా కదులుతుందేమోనని చూశాను, అక్కణ్ణుంచి గాలి దిగితే ఈ మబ్బు అరగంటలో చీరుకుపోతుంది, ఒక్కోసారి దిగుతుంది, ఒక్కోసారి దిగదు. గాలి ఎటో తెలియడానికి స్తంభానికి కట్టిన గాలిగుడ్డ ఈశాన్యం వైపు నుంచి కొంచెం ఊగుతోంది, చాలదు. లోపలికొచ్చేసరికి రేడియో పిలుస్తోంది.

"ఊలీపీకా, రెజల్యూట్ నా వెనకాలే మూసుకుపోయింది, విన్నావు కదా. వెనక్కి పోయేది లేదు. రెండు దార్లున్నాయి. ఇప్పుడే పక్కకి తిరిగి ఆర్కిటిక్ బే ఊరికి పోతాను, హాయిగా పోతాను. లేదంటే నీ దగ్గరకొచ్చి ఒక్కసారి చూస్తాను, కుదరకపోతే అక్కణ్ణుంచే ఆర్కిటిక్ బే. ఒక్కసారికి సరిపోతుంది నూనె. నీ తల మీద చుట్లు తిరుగుతూ కూర్చోడానికి లేదు. చెప్పు, పట్టీ ఎంత కనిపిస్తోంది?"

అతని గొంతు వెనకాల పసిపిల్ల ఏడుపు, ఇంజన్ల మోత మీద కూడా వినిపిస్తోంది. నాకు వినిపించింది అది, మొదటిసారి ఫోన్‌లో కాకుండా మా రేడియోలో, మా ఊరి గాలిలో. సగం అని నాకు తెలుసు. సగం అంటే, ఎందుకొచ్చిన గొడవ అని ఆర్కిటిక్ బే పోతాడు, అక్కడ ఎన్నాళ్ళుంటారో, వారమో, పది రోజులో, వచ్చే వారం ఈ విమానం ఇంకెక్కడికో కావాలి, మళ్ళీ మబ్బు, మళ్ళీ వెనక్కి, నా గొంతే మూడోసారి నా కూతుర్ని వెనక్కి పంపినట్టు. మొత్తం కనిపిస్తోంది అంటే ధైర్యంగా లోపలిదాకా వస్తాడు. లోపలిదాకా వచ్చాక ఆ రెండు గోడల మధ్య వెనక్కి తిరిగే చోటు లేదు. సగం అని తెలిసి వస్తే మాత్రం పాయ మొదట్లోనే చూసుకుని, నచ్చకపోతే పైకి లేస్తాడు. ఇదంతా నాకు తెలుసు, అంగుళాలతో సహా తెలుసు, అయినా నాలిక చివర ఆ పాత ఏడున్నర ఒళ్ళు విరుచుకుని లేచింది. మొత్తం, రస్. ఒక్క మాట. అంత చిన్న మాట.

తలుపు తెరుచుకుంది. ఈ గదిలోకి మా అక్క ఎప్పుడూ రాలేదు, రాకూడదు కూడా, బోర్డు రాసి ఉంది. కిటికీ దగ్గరకు పోయి కొండను చూసింది. ఆమెకూ నాన్నే నేర్పాడు చూడటం. మొహం పాలిపోయి ఉంది, చేతిలో ఆ బూట్లు గట్టిగా పట్టుకుని ఉంది, వాటిని ఎవరో లాక్కుంటారేమో అన్నట్టు. నా కుర్చీ పక్కకొచ్చి నిలబడింది. "నాయనమ్మా," అంది. ఐదేళ్ళ తరవాత విన్న మాట అది. "నాయనమ్మా, ఉన్నదే చెప్పు. ఒక్క అంగుళం కూడా పెంచకు. నాన్న ఉన్నాడు అందులో."

నేను ఆమె వైపు తిరిగి కనుబొమలెత్తాను. అవును, చెబుతాను, సరే. ఆమెకు అర్థమైంది, రస్‌కు ఎలా అర్థమవుతుంది. రేడియోలో అతను అడుగుతున్నాడు, "ఊలీపీకా, మళ్ళీ మొహంతో మాట్లాడుతున్నావా?" అట్టముక్క చూసుకుని నోరు తెరిచాను.

"సగం. కింది సగమే కనిపిస్తోంది. ఎనిమిది వందల యాభై. గాలి ఈశాన్యం నుంచి, పన్నెండు. మంచుకొండ దాకా చూపు ఆనుతోంది, ఆ తరవాత ఏం లేదు."

ఆ అంకెలే పుస్తకంలో రాసుకున్నాను. అక్క చెయ్యి నా భుజం మీద ఉంది, ఎప్పుడు వేసిందో తెలియదు, బరువుగా ఉంది, సూదికి కాయలు కాసిన వేళ్ళు, చిన్నప్పుడు నా జడ వేసి వేసి నెత్తిన మొట్టిన వేళ్ళు. ఇప్పుడు తిరిగిపోతానంటే ఏమవుతుంది, ఏమీ కాదు, బతికి ఉంటారు, ఆర్కిటిక్ బేలో మా మేనత్త కొడుకు ఇల్లుంది, నౌయాకు పక్కేస్తారు, పిల్లకు చేపల పులుసు వాసన తగులుతుంది, అంతే కదా. ఆ రోజు కూడా రస్ బతికే ఉన్నాడు కదా, అతనితో వచ్చిన డాక్టరు బతికే ఉంది కదా, ఆ డాక్టరు తరవాత పెళ్ళి చేసుకుని కవలల్ని కన్నదని రస్సే చెప్పాడు. ఇది ఐదేళ్ళుగా నాకు తెలిసిన సంగతే, కానీ దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"సరే," అన్నాడు రస్. "సగమైతే నాకు సగమెంతో తెలుసు. వచ్చి చూస్తాను, ఒక్కసారి. నచ్చకపోతే మాట్లాడకుండా పోతాను, తిట్టుకోకు. ఇంకో మాట, వెనకాల ఎవరో నా చెవులు కోసేస్తున్నారు."

"మా నాన్న," అన్నాను.

"మీ నాన్నకు గొంతు బాగా ఉంది."

రెండూ ఇరవై నుంచి మేమిద్దరం బయట నిలబడ్డాం, భుజానికి చిన్న రేడియో తగిలించుకుని నేను, చంకలో ఫ్లాస్కుతో అక్క. రెండూ ఇరవై ఆరుకు నా చెంపకు చల్లగా తగిలింది, కొండ కొసన ఉన్న మంచుగడ్డ వైపు నుంచి, ఆ వైపు చెంపకే, నేను ముందు నమ్మలేదు, గాలిగుడ్డ నమ్మింది, లేచి సాగింది. మబ్బు పట్టీ మీద నుంచి జరిగింది, పెద్దగా కాదు, దుప్పటి అంచు కాలితో తన్నినంత. తొమ్మిది వందలు అని రేడియోలో చెప్పాను. తొమ్మిది వందలే, అంతకు మించి లేదు కనుక. తరవాత మోత వినిపించింది, మోత ఎటు నుంచో తెలియలేదు, గోడల మధ్య అన్ని వైపుల నుంచీ వస్తుంది, అక్క నా మోచెయ్యి పట్టుకుంది, ఆ తెలుపులోంచి, మంచుకొండ పక్కన, నేను చెప్పిన ఎత్తుకు సరిగ్గా కిందుగా, లైట్లు వెలిగించుకుని విమానం బయటికొచ్చింది. ఒరిగింది. పట్టీ ముందు నుంచి ఒరుగుతూ పోయింది, నల్లరాయి మీద ఎర్రటి రెక్క. చక్రాల కింద గులకరాళ్ళు గలగలమన్నాయి. రెండూ నలభై ఒకటి. పుస్తకంలో రాయాలి అనుకున్నాను, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, సిగ్గేం అనిపించలేదు, ఒళ్ళంతా తేలికైపోయి కూర్చుంటే బాగుండుననిపించింది, ఆ గులకరాళ్ళ మీదే.

రస్ ముందు దిగి, తలుపు పట్టుకుని, మా ఇద్దర్నీ చూసి, "సగమన్నావు, సరిగ్గా సగమే ఉంది," అన్నాడు, అంతే, వెళ్ళి కూరగాయల పెట్టెలు దించుకోవడం మొదలుపెట్టాడు. నౌయా చిక్కిపోయింది, జుట్టు కత్తిరించుకుంది, నాకు చెప్పకుండానే. వీపు మీది సంచిలోంచి పిల్లను తీసి ముందు పెద్దమ్మకు ఇచ్చింది, పద్ధతి ప్రకారం. అక్క పిల్ల మొహం దగ్గర ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చింది, "నాన్నా, ఎన్ని నిద్రలు పట్టిందయ్యా నీకు," అంది, పక్కన నౌయా ఫోన్ చూసుకుంటూ, గంటా ముప్ఫై ఒక్క నిమిషం పెద్దమ్మా అంది. బూట్లు తొడగబోతే ఒకటి కింద పడింది. అది తీసిచ్చాను. రెండూ తొడిగింది. తొడిగి, "ఇదిగో నాయనమ్మా," అని పిల్లను నా చేతుల్లో పెట్టింది. "నీ కోసమే అడిగాడు ఆ రోజు. చెప్పుకోవాల్సిందేదో చెప్పుకో. తరవాత మీ ఇంటికే పోదాం, నా కప్పు పారేశావా ఉందా?"

ఉందని కనుబొమలెత్తాను. నాలుగు కిలోలంటే ఇంతేనా, ఫ్లాస్కు కంటే కొంచెం ఎక్కువ. ఏడుపు ఆపి నన్ను చూస్తోంది, నల్లటి కళ్ళు, ఎక్కడి నుంచో వచ్చి ఎవరింటి ముందో నిలబడ్డ మనిషి చూసినట్టు. అమ్మ ఇక్కడే ఉంది నాన్నా, అన్నాను. నోరు తిరిగింది, అంత కష్టమేం కాలేదు. ఆ రోజు నువ్వు అడిగినప్పుడు రేడియో దగ్గరున్నాను, పట్టీ మునిగిపోయింది, ఆరు వందలే ఉంది, ఆరు వందలనే చెప్పాను. నా మీద కోపంగా ఉందా నాన్నా?

మంచుగడ్డ మీది గాలి ఒక్కసారి మొహానికి కొట్టింది. పిల్ల ముక్కు ముడిచింది. చలికి ఏ పసిపిల్లయినా అలాగే ముడుస్తుంది, ఆ మాత్రం నాకు తెలుసు. కానీ ఇరవై మూడేళ్ళుగా నా ఉద్యోగం, కనిపించింది కనిపించినట్టు చెప్పడం. ముక్కు ముడిచింది.